కుడిచేతి గాజులు

మా ఇంట్లో దాదాపు రెండేళ్లు ముగ్గురం కాపురం చేశాం. నేను, మావారు, పోయి నూరేళ్లు దాటిన ఒక కంటి డాక్టరు. ఆ మూడో మనిషికి కాఫీ కలపాల్సిన పని లేదన్న మాటే గాని, మిగతా అన్ని విధాలా చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసిన బాపతే. పొద్దున లేస్తే అతని సంగతి, కారెక్కితే అతని సంగతి, కంచం ముందు కూర్చుంటే అతని సంగతి. ఐరోపాలో ఏదో చిన్న దేశం వాడు. పేరు పలకడానికి నాకు నోరు తిరిగేది కాదు. మావారు రెండుసార్లు నేర్పించబోయి మానుకున్నారు. నేను ముసలాయన అనేదాన్ని. కొన్నాళ్లకి మావారికీ అదే అలవాటైంది.

ఇది 2008లో మొదలైంది. అప్పటికి మావారికి అరవై ఆరు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో కంటి క్లినిక్ పెట్టి ముప్ఫై ఏళ్లు కావస్తోంది. మంగళవారాలు శుక్లం ఆపరేషన్లు, మిగతా రోజులు మామూలు పేషెంట్లు. ఫ్రంట్ డెస్క్ నాది. ఎవరికి ఏ రోజు అపాయింట్‌మెంట్, ఎవరి కళ్లలో చుక్కలు వేశారు, చుక్కలు వేసినవాళ్లని ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరొస్తారు, ఇదే నా లోకం. పొగాకు పండించి పొలాలు అమ్ముకున్న ముసలివాళ్లు, ఆ పొలాల్లో లేచిన ఇళ్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ పిల్లల అత్తమామలు, అందరూ నా ఎదురుగా అవే కుర్చీల్లో కూర్చునేవాళ్లు. నిలబడి పనిచేసేవాళ్లకి కాళ్లు నొప్పెడతాయి. నాకు మొహం నొప్పెట్టేది. సాయంత్రం కారెక్కాక కాసేపు ఎవరినీ చూసి నవ్వకుండా కూర్చుంటే అదే విశ్రాంతి.

మా కౌంటీ డాక్టర్లందరూ ఏడాదికోసారి కలిసి భోంచేస్తారు. భోజనం తర్వాత ఎవరో ఒకరు పాతకాలపు డాక్టరు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలి. ఆ వంతు మావారికి వచ్చింది. పదిహేను నిమిషాలకి ఆయన పెట్టెడు పుస్తకాలు తెప్పించారు. అందులో సగం విడిపోయే అట్టలు. డైనింగ్ టేబుల్ మీద మేం తినడానికి రెండు కంచాలు పట్టేంత చోటు మిగిల్చి మిగతాది ముసలాయనకి ఇచ్చేశారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు గనక టైపు చేసేది నేను. అలా ఆ ముసలాయన జీవితం నా వేళ్ల మీదుగా కాగితం మీదకి వెళ్లింది.

మొదట మిలిటరీలో చిన్న డాక్టరట. ఒంట్లో ఏ భాగం ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా మందులివ్వడం అతనికి నచ్చలేదు. అందుకని సగం రోజు ఆస్పత్రిలో, సగం రోజు లేబొరేటరీలో గడిపేవాడు. అంతకుముందు కళ్లజోడు కావలసినవాళ్లు సంతలో గాజులు కొన్నట్టు కొనుక్కునేవాళ్లు. ఒకటి పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ఏది సరిపడితే అది. పెద్ద డాక్టర్లు ఆ జోలికే పోయేవాళ్లు కాదు. ఇతను కూర్చుని కొలిచాడు. పదేళ్ల పిల్లవాడు ఎంత దగ్గర పెట్టుకుని చదవగలడు, ఇరవై ఏళ్లవాడు ఎంత, నలభై ఎంత, అరవై ఎంత. కొలిచి కాగితం మీద గీత గీశాడు. చత్వారం రోగం కాదు, కంట్లో కటకం గట్టిపడటమే అన్నాడు.

ఆ గీత ఫొటోకాపీ తీసి మావారు నాకు చూపించారు. ఎడమవైపు పైన మొదలై కుడివైపుకి దిగుతూ పోతోంది.

"నలభైకి దిగడం మొదలుపెడుతుందనుకున్నాను," అన్నాను.

"అందరూ అలాగే అనుకుంటారు. పదేళ్లప్పుడే మొదలు. మనకి నలభైలో తెలుస్తుంది, అంతే."

నాకు ఆ మాట నచ్చలేదు. పదేళ్లప్పటి నుంచీ దిగుతూనే ఉన్నామంటే ఇంక ఎక్కింది ఎప్పుడు? ఆ సంగతి ముసలాయన రాయలేదా అని అడిగాను. మావారు నవ్వి, అది టైపు చెయ్యకు అన్నారు.

ఇంతలో క్లినిక్‌లో ఒక సంగతి జరిగింది. మా స్నేహితుల అమ్మాయి కంటి డాక్టరయి, మూడేళ్ల కిందట మా క్లినిక్‌లోనే భాగస్వామిగా చేరింది. ఇక్కడే పుట్టిన పిల్ల. పళ్లు ఊడిన రోజుల నుంచి మావారిని అంకుల్ అనే పిలిచింది, ఆపరేషన్ థియేటర్‌లో కూడా అంకులే. ఒక మధ్యాహ్నం పేషెంట్లు పలచబడ్డాక నా డెస్క్ దగ్గరకి వచ్చి, నా పెన్ను తీసుకుని మూత పెడుతూ తీస్తూ నిలబడింది.

"ఆంటీ, లాస్ట్ ట్యూజ్‌డే అంకుల్ పెడల్ మీద కాలు లిఫ్ట్ చేయడం లేట్ అయింది. కొంచెమే. పేషెంట్ ఫైన్. కానీ నేను చూశాను."

"ఆ మాట అంకుల్‌తోనే చెప్పమ్మా."

"నేను ఎలా చెప్తా ఆంటీ? అంకుల్ కదా. మీరు చెప్పు."

పరాయి డాక్టరైతే మొహం మీదే చెప్పి ఉండేది, రాసి కూడా ఇచ్చేది. అంకుల్ అయినందువల్ల ఆ బరువు తెచ్చి నా డెస్క్ మీద పెట్టింది. నాకు కోపం వచ్చింది గాని, ఆ పిల్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

పెడల్ సంగతి కాస్త చెప్పాలి. శుక్లం ఆపరేషన్ చేసేది చేతులే అనుకుంటారు. కాళ్లు కూడా. ఎడమ కాలి కింద మైక్రోస్కోపు పెడల్, కుడి కాలి కింద మెషీన్ పెడల్. ఆ మెషీన్ మసకబారిన కటకాన్ని పొడి చేసి పీల్చేస్తుంది. దాని వెనకాల ఉల్లిపొర కన్నా పల్చని పొర ఒకటుంటుంది. పీల్చేటప్పుడు ఆ పొర ఒక్కోసారి పైకి లేచి సూదిమొన దగ్గరికి వస్తుంది. కంటితో చూసిన క్షణంలోనే కుడి కాలు లేవాలి. లేవకపోతే పొర చిరుగుతుంది.

ఆ సాయంత్రం కార్లో చెప్పాను. మావారు మూడు సిగ్నళ్లు దాటించారు. నాలుగో సిగ్నల్ దగ్గర ఆగాక, "కొలుద్దాం," అన్నారు.

కొలిచే పద్ధతి ముసలాయనదే. అతని కాలంలో మనసులో ఆలోచన పుట్టడానికి టైం పట్టదని పండితుల నమ్మకం. పడుతుంది, ఎంతో చూద్దాం అన్నాడు ముసలాయన. ఒక మనిషిని కూర్చోబెట్టి, ఏ వైపు తాకుతారో ముందే చెప్పి, తాకగానే అదే వైపు చెయ్యి కదపమన్నాడు. ఆ టైం రాసుకున్నాడు. తర్వాత ఏ వైపో చెప్పకుండా తాకాడు. ఈసారి ఎక్కువ పట్టింది. ఎందుకంటే ఎడమా కుడా అని తేల్చుకోవాలి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది మనసు తేల్చుకోవడానికి పట్టిన టైం. ఇంత చిన్న తీసివేత నాకూ అర్థమైంది.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి శాంటా క్లారా నుంచి వచ్చింది. ఇంజనీరు. రెండు రోజుల్లో తయారుచేసి పెట్టింది. మావారి రెండు మణికట్లకీ రెండు పట్టీలు, సెల్‌ఫోన్ అదిరినట్టు అదురుతాయి. కాళ్ల కింద రెండు పెడల్స్. ఆయన వెనకాల వంటింటి గట్టు మీద నా చపాతీ పీట, దాని మీద హార్డ్‌వేర్ షాపులో కొన్న రెండు డోర్‌బెల్ బటన్లు. నేను కుడి చేత్తో కుడి బటన్ నొక్కితే ఆయన కుడి మణికట్టు అదురుతుంది. ఆయన కుడి పెడల్ తొక్కాలి. ఎడమా అంతే. టైం లాప్‌టాప్‌లో పడుతుంది.

"డాడీ, అమ్మ ఎందుకు? ప్రోగ్రామే రాండమ్‌గా ఇచ్చేస్తుంది," అంది మా అమ్మాయి.

"ముసలాయనకి ప్రోగ్రామ్ లేదు. మనిషే తాకేవాడు. ఆయన చేసినట్టు చేస్తేనే నా టాక్‌లో చెప్పుకోవడానికి బావుంటుంది."

"సైన్స్‌లో బావుండటం ఏంటి డాడీ?"

"మీ అమ్మకి పని లేకపోతే తోచదు," అన్నారు ఆయన. నాకు తోచకపోవడం అనే జబ్బు ఏనాడూ లేదు. ఆదివారం పొద్దున ఒక్క గంట ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలని ముప్ఫై ఏళ్లుగా అనుకుంటున్నాను. కానీ బటన్లు నేనే నొక్కాను.

మా అమ్మాయి వెళ్లే ముందు చీట్లు రాసి ఇచ్చింది, ఏ వరసలో నొక్కాలో. మావారు గ్రాఫ్ పేపర్ మీద ఒక ఎర్ర గీత గీశారు. వరసగా మూడు ఆదివారాలు మనసు టైం ఆ గీత దాటితే మరి ఆపరేషన్ చెయ్యను అని దాని కింద రాసి, సంతకం పెట్టి, నా చేత కూడా పెట్టించారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించారు. ఆయన మాట ఇస్తే తప్పే మనిషి కాదు. అందుకే నాకు భయం వేసింది.

ప్రతి ఆదివారం వచ్చిన టైం ఆ కాగితం మీద ఒక చుక్కగా పెట్టేవారు. ఆరు వారాలు చుక్కలన్నీ గీత కింద హాయిగా పడ్డాయి. ఎర్ర గీతకి ఎంత దూరంలో ఉన్నాయంటే మావారు ఆ కాగితం ఫ్రిజ్ మీంచి తీసి తీసుకెళ్లి ఆ పిల్ల డాక్టరుకి చూపించారు. ఆ పిల్ల చూసి, "వావ్ అంకుల్," అని నా వైపు తిరిగి చిన్నగా సారీ చెప్పింది. ఆ వారం మావారు షేవింగ్ చేసుకుంటూ కూనిరాగాలు తీశారు.

జనవరిలో మంచు వాన పడింది. క్యారీలో మంచు తక్కువ, వచ్చిందంటే అద్దంలా గడ్డకట్టి కూర్చుంటుంది. నేను డ్రైవ్‌వేలో మెయిల్ తేవడానికి వెళ్లి పడ్డాను. కుడి మణికట్టు బూరెలా వాచింది. ఎమర్జెన్సీలో నర్సు సబ్బు రాసి బంగారు గాజులు రెండూ లాగింది, మట్టి గాజులు పడినప్పుడే పగిలిపోయాయి. ఎముక విరగలేదు. పట్టీ కట్టి పంపేశారు. ఎడమ చేతికి నాకు మొదటి నుంచీ వాచీయే. అలా పెళ్లయ్యాక మొదటిసారి నా రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. అది నన్ను నొప్పి కన్నా ఎక్కువ పీడించింది. పేషెంట్లలో మనవాళ్లు నా చేతుల వైపు చూసి, తర్వాత మావారు గదిలో ఉన్నారో లేదో చూసేవారు.

వేళ్లు బాగానే ఆడుతున్నాయి గనక ఆదివారం పరీక్ష మానలేదు. ఆ వారం చుక్క ఎర్ర గీత దాటి పడింది. నీ చెయ్యి సంగతి ఆలోచిస్తూ నిద్రపోలేదు అన్నారు మావారు. రెండో వారం కూడా దాటింది. మూడో ఆదివారానికి పట్టీ విప్పేశారు. వాపు తగ్గింది. శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్లి డజను ఆకుపచ్చ మట్టి గాజులు కొనుక్కుని, బంగారువాటితో పాటు కుడి చేతికి ఎక్కించుకుని, ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు చుక్క మళ్లీ గీత కిందకి దిగింది. మావారు ఆనందం పట్టలేక ఉప్మా చేశారు. బాగా మాడింది.

ఆ మాడిన గిన్నె తోముతుంటే గాజులు గిన్నెకి తగిలి గలగలమన్నాయి. నేను చేతులు ఆపాను. మళ్లీ కదిపాను. కుళాయి కట్టేసి, ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి గాల్లో బటన్ నొక్కినట్టు నొక్కాను. చప్పుడు లేదు. కుడి చెయ్యి ఎత్తాను. చప్పుడు.

ఆయనకి తెలిసి కాదు. నేనెప్పుడు ఏ గదిలో ఉన్నానో, కోపంగా ఉన్నానో మామూలుగా ఉన్నానో ఆ చప్పుడుతోనే పోల్చుకుంటూ ముప్ఫై తొమ్మిదేళ్లు బతికిన మనిషి. నా కుడి చెయ్యి లేస్తే ఆయన కుడి కాలికి ముందే తెలిసిపోతోంది. చప్పుడు లేకపోతే ఎడమ. ఇంక తేల్చుకునేదేముంది? మేం అన్ని వారాలూ కొలిచింది ఆయన మనసు తేల్చుకునే టైం కాదు.

నమ్మబుద్ధి కాలేదు. ముసలాయన కాగితాలు అన్ని నెలలు టైపు చేసినదాన్ని, నాకూ కొంత పద్ధతి వంటబట్టింది. మరుసటి ఆదివారం చీటీలో ఎడమ అని ఉన్న చోట మూడుసార్లు కుడి చెయ్యి కాస్త ఆడించి, ఎడమ బటన్ నొక్కాను. మూడుసార్లూ మావారు కుడి పెడల్ తొక్కారు.

"ఇవాళ కాలు తడబడుతోందోయ్," అని నవ్వి ఆ మూడూ కొట్టేశారు. నేను ఆయన వెనకాల నిలబడి ఉన్నాను గనక నా మొహం ఆయనకి కనిపించలేదు.

చెప్పాలి. ఆ క్షణంలో చెప్పాలి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్లలో నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. మంగళవారం పొద్దున్న ఆయన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునే తీరు చూడలేక అని ఒకసారి. ఆపరేషన్ లేని మావారు ఇంట్లో రోజంతా నా వెనకాల తిరుగుతారని భయపడి అని ఒకసారి. ఆ పిల్ల డాక్టరు తన బరువు నా మీద పెట్టినందుకు పంతం అని ఇంకోసారి. అన్నీ కొంచెం కొంచెం నిజమే. అసలు నిజం ఏమిటంటే నేను అలిసిపోయి ఉన్నాను. ఎప్పుడూ చెడు వార్త చెప్పేది నేనే. మీ ఇన్సూరెన్స్ దీనికి వర్తించదండీ, డాక్టరుగారు ఇవాళ చూడలేరండీ, మీరు ఇంక డ్రైవ్ చెయ్యకూడదండీ, అన్నీ నా నోటితోనే. ఈ ఒక్కటీ నా నోట్లోంచి రాకూడదనుకున్నాను. ఎవరో ఒకరు కనిపెడతారులే అనుకున్నాను. గాజుల చప్పుడు ఎవరు కనిపెడతారు?

ఫిబ్రవరి వెళ్లింది. మార్చి ఆఖరుకి పైన్ చెట్ల పుప్పొడి రాలి క్యారీ అంతా పచ్చగా దుమ్ము పట్టింది. కళ్లు దురదలని పేషెంట్లు బారులు తీరారు. ప్రతి ఆదివారం నేను చపాతీ పీట ముందు నిలబడి, చేతికి గాజులున్నాయో లేదో చూసుకుని, నొక్కేదాన్ని. చుక్కలు బుద్ధిగా గీత కిందే పడేవి.

మేలో స్కూలు బస్సు నడిపే ఒకావిడ ఆపరేషన్‌కి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. వేసవి సెలవులు ముగిసేలోపు రెండు కళ్లూ అయిపోవాలి, ఆగస్టుకి మళ్లీ నా పిల్లల్ని ఎక్కించుకోవాలి అంది. నా పిల్లలు అంటే బస్సులో పిల్లలు. మొదటి కంటికి ఆపరేషన్ జరుగుతుండగా పొర చిరిగింది. కటకం ముక్క కంటి లోపలికి జారింది. యూనివర్సిటీ ఆస్పత్రికి పంపి ఇంకో ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది.

ఆ రోజు మావారు ఇంటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. "ఎవరికైనా జరుగుతుంది. ఏ సర్జన్‌నైనా అడుగు," అన్నారు. నేను అడగలేదు. అది నిజమేనని నాకూ తెలుసు. మావారికి నలభై ఏళ్ల వయసులో, కాలు మెరుపులా లేచే రోజుల్లో కూడా రెండుసార్లు జరిగింది.

పదిహేను రోజుల తర్వాత ఆవిడ కంటికి మూతతో చెకప్‌కి వచ్చింది. డెస్క్ అవతలి నుంచి వంగి నన్ను కావలించుకుంది. ఆ రోజు సాయంత్రం మీ ఆయన గంటసేపు నా పక్కన కూర్చున్నాడు హనీ, ఏ డాక్టరూ అలా కూర్చోలేదు, నువ్వు అదృష్టవంతురాలివి అంది. నా గాజులు ఆవిడ భుజం మీద చప్పుడు చేశాయి. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ ఆదివారం కాఫీ అయ్యాక మావారు పట్టీలు కట్టుకుని, కాళ్లు పెడల్స్ మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. గాజులు ఒక్కొక్కటే తీసి ముసలాయన పుస్తకం మీద పెట్టాను. మట్టివి పన్నెండు, బంగారువి రెండు. ఎందుకు తీస్తున్నావని ఆయన అడగలేదు. పన్నెండో గాజు తీసేసరికే ఆయన మొహం మారిపోయింది. ఎంతైనా కొలతలు తెలిసిన మనిషి.

"నొక్కు," అన్నారు.

వెనక్కి వెళ్లి నొక్కాను. మొత్తం చీటీ అంతా నొక్కాను. ఆయన లాప్‌టాప్‌లో చూసి గ్రాఫ్ మీద చుక్క పెట్టారు. అది ఎర్ర గీతకి బాగా పైన పడింది, జనవరి చుక్కలు రెండింటి కన్నా పైన. ఆ రెంటినీ పెన్సిల్ మొనతో ఒకసారి తాకారు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఫిబ్రవరి నుంచి."

ఆయన పట్టీలు విప్పుకున్నారు. గరాజ్‌లోకి వెళ్లారు. కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది గాని స్టార్ట్ చేసిన చప్పుడు రాలేదు. గంట తర్వాత లోపలికి వచ్చి నిలబడ్డారు.

"ముసలాయన దగ్గర అసిస్టెంట్ ఇలా చేసుంటే ఆ రోజే పంపించేసేవాడు," అన్నారు. "నిన్ను ఎక్కడికి పంపను?"

క్షమించమని అడగడానికి కూడా ఓపిక కావాలి.

"మంగళవారం కేసులన్నీ మన డాక్టరమ్మాయికి ఇచ్చెయ్. ఈ మంగళవారం నుంచే. ఫిబ్రవరి నుంచి నేను చేసినవాళ్ల లిస్టు తియ్యి. అందర్నీ పిలుద్దాం. మళ్లీ చూస్తాను."

లిస్టు తీశాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది నేనే. ఊరికే మామూలు చెకప్, చార్జి లేదు, డాక్టరుగారు చూడాలనుకుంటున్నారు అని చెప్పాను. వేసవంతా వస్తూనే ఉన్నారు. మావారు ఒక్కో కన్నూ అరగంట చూసేవారు. బయటికి వచ్చి నాకేసి చూసి తల ఊపేవారు, బాగుంది అన్నట్టు. అన్నీ బాగున్నాయి. బస్సావిడ కన్ను తప్ప.

ఇంట్లో మాత్రం ఆ వేసవంతా నాతో ఉప్పు అందుకో, కారు తాళాలేవి, ఇలాంటి మాటలే మాట్లాడారు. కోప్పడి ఉంటే బావుండేది. అరిచే మనిషైతే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం తేలిక పడేవాళ్లం. ఆ పిల్ల డాక్టరు రిటైర్మెంట్ పార్టీ ఇస్తానంటే వద్దన్నారు. కారణం ఆ పిల్లకి ఆయనే చెప్పారు, గాజులతో సహా. అప్పటి నుంచి ఆ పిల్ల నన్ను చూసినప్పుడల్లా నా చేతుల వైపు చూడకుండా ఉండటానికి కష్టపడేది.

అక్టోబర్‌లో డాక్టర్ల విందులో మావారు ముసలాయన గురించి మాట్లాడారు. సంతలో కళ్లజోళ్లు, దిగే గీత, మనసు టైం, అన్నీ. ముసలాయన చివర్లో కత్తి వదిలేసి, తన ఆస్పత్రిని చిన్నవాళ్లకి అప్పగించి, లేబొరేటరీలోకి వెళ్లిపోయాడని చెప్పారు. ఆఖర్న, ఈ ప్రయోగం ఇంట్లో చేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే భార్య చేతి గాజులు ముందు తీయించండి అన్నారు. హాలంతా నవ్వింది. నేను తల వంచుకుని ప్లేట్‌లో ఉడకబెట్టిన బీన్స్ ముక్కలు చేస్తూ ఉండిపోయాను. నవ్వులు ఆగాక ఆయన నా వైపు చూశారు. చాలా నెలల తర్వాత నన్ను నన్నుగా చూడటం అదే.

నేను ఆ తర్వాత మట్టి గాజులు వేసుకోలేదు. బంగారువి పెట్టెలో పడి ఉన్నాయి. ఎవరైనా అడిగితే మణికట్టు నొప్పి అనేదాన్ని. రెండేళ్లు పోయాక ఒక శనివారం మావారు ఇండియన్ స్టోర్‌కి కొత్తిమీర కోసమని వెళ్లి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన గాజులు తెచ్చారు. నా ఎడమ చేతి వాచీ తనే విప్పారు. ఆ చేతికి ఆరు, ఈ చేతికి ఆరు తొడిగారు. ఆపరేషన్ చేసిన చేతులు గదా, ఒక్కటి కూడా విరగలేదు.

"రెండు చేతులకీ ఉంటే ఏ చెయ్యో నాకు తెలీదు," అన్నారు.

నవ్వాను, ఏడ్చాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

బస్సావిడకి రెండో ఆపరేషన్ తర్వాత చూపు వచ్చింది గాని బస్సు లైసెన్సుకి చాలినంత రాలేదు. అదే స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డించే పనికి మారింది. ప్రతి డిసెంబర్‌లోనూ మాకు క్రిస్మస్ కార్డు పంపుతుంది. పెద్ద పెద్ద అక్షరాలు, వరసలు కొంచెం పక్కకి వాలి ఉంటాయి. పిల్లలు బాగున్నారని రాస్తుంది. మీరు నాకోసం ఎంతో చేశారని రాస్తుంది.

మొన్న డిసెంబర్‌లోనూ వచ్చింది. మావారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, నాకు ఇచ్చి, ప్రతి ఏడూ అడిగేదే మళ్లీ అడిగారు. కోపంగా కాదు. టైం ఎంతయిందని అడిగినట్టు.

"ఈవిడ ఆపరేషన్, గాజుల సంగతి నీకు తెలిశాక జరిగిందా, తెలియకముందా?"

ఆ పొర చిరగడం ఎవరికైనా జరుగుతుంది. ఆయన కాలు లేటవడం వల్ల చిరిగిందో, కాలు లేచినా చిరిగేదో ముసలాయన వచ్చి కూర్చున్నా కొలవలేడు. అది ఆయనకీ తెలుసు. ఆయన అడిగింది అది కాదు.

"తెలిశాక," అన్నాను.

ఆయన తల ఊపి, కార్డు తీసుకెళ్లి ఫ్రిజ్ మీద, ఒకప్పుడు ఎర్ర గీత కాగితం ఉన్న చోట పెట్టారు.